బజారు రోడ్డులో పార్కింగ్ వరుస

రోడ్డు మీద బండ్లు నడిచే వరుసల్లో ఒకటో రెండో తగ్గించి, అలా మిగిలిన వెడల్పును పక్క అంగళ్లకు వచ్చేవాళ్ల వాహనాలు నిలుపుకోవడానికి కేటాయించడం పట్టణ రవాణాలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. అమెరికా, ఐరోపా ఊళ్లలో దీనికి ముందు తీర్మానం చేస్తారు, నక్ష గీస్తారు, అభ్యంతరాలు వింటారు, ఆ తర్వాత రోడ్డు మీద రంగు వేస్తారు. నంద్యాల జిల్లా నందికొట్కూరులో, ఆ మాటకొస్తే ఆత్మకూరు, ఆళ్లగడ్డ, డోన్ లాంటి ఏ బజారు ఊళ్లోనైనా, ఈ పని ఎవరూ తీర్మానించకుండానే జరిగిపోతోంది. తెల్లవారుజామున ఉన్న రోడ్డు వెడల్పు పొద్దెక్కేసరికి సగమవుతుంది. షట్టర్లు లేచే కొద్దీ రెండు అంచుల నుంచీ బండ్లు లోపలికి జరుగుతూ వస్తాయి. వరుస ఎలాగూ పోయింది కాబట్టి, పోయినదానికి గీత గీసి, లెక్క కట్టి, నియమం పెట్టాలా, ఇలాగే వదిలేయాలా అన్నదే ఈ ఊళ్లలో మిగిలిన ప్రశ్న.

ఊరు, రోడ్డు

నందికొట్కూరు కర్నూలుకు తూర్పున సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న పురపాలక పట్టణం. 2011 జనాభా లెక్కల్లో 46,953 మంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. ఊరికి రైలు లేదు. మనుషులైనా మూటలైనా రోడ్డు మీదే రావాలి, రోడ్డు మీదే పోవాలి.

ఆ రోడ్డు కర్నూలు-గుంటూరు రోడ్డు. ఊళ్లో అందరూ కేజీ రోడ్డు అంటారు. కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి దోర్నాల చేరే 340సి జాతీయ రహదారి ఇదే. శ్రీశైలం పోయే బస్సులు, గుంటూరు వైపు లారీలు, పగిడ్యాల, మిడుతూరు, జూపాడు బంగ్లా మండలాల నుంచి సరుకులకొచ్చే రైతులు అందరికీ ఇదే దారి. పటేల్ సెంటర్ చుట్టుపక్కల అంగడికి పోవడం, ఊరు దాటిపోవడం అనే రెండు పనులూ ఒకే తారు మీద జరగాలి. రవాణా ఇంజనీర్లు రహదారి వేరు, బజారు వేరు అని పాఠంలో చెప్పుకుంటారు గానీ, రాయలసీమ ఊళ్లు చాలావరకు రహదారికి రెండు పక్కలా పెరిగినవే.

ఖరీఫ్ మొదలయ్యే రోజుల్లో ఎరువుల అంగడి ముందు నిలబడితే విషయమంతా కళ్లకు కడుతుంది. ట్రాక్టరు ట్రాలీ అంగడి మెట్లకు ఆనించి నిలిచి ఉంటుంది. మూటలు ఎక్కేదాకా అది కదలదు. దాని వెనక మనుషుల కోసం ఎదురుచూసే ఆటో, పక్కన మూడు మోటార్ సైకిళ్లు, వాటిని ఆనుకుని అరటిపండ్ల తోపుడు బండి. వెనక ఆర్టీసీ బస్సు ఆగిపోతుంది. కండక్టరు దిగొచ్చి "అన్నా, రోంత ముందరికి తియ్యి" అంటాడు. పైనుంచి హమాలీ "ఇంగ నాలుగు మూటలే" అంటాడు. ఇద్దరిదీ న్యాయమే. ఆ ట్రాలీకి వేరే చోటు ఎవరూ చూపలేదు, ఆ బస్సుకు వేరే దారి లేదు.

వెడల్పు లెక్క

ఇలాంటి రోడ్డు ఎంత రద్దీని మోయగలదో భారత రోడ్ల కాంగ్రెస్ 1990లో తెచ్చిన 106వ మార్గదర్శకాలు అంకెల్లో చెబుతాయి. బండ్లన్నిటినీ కారు లెక్కలోకి మార్చి కొలుస్తారు. కారు ఒకటి. మోటార్ సైకిలు, అది రద్దీలో ఎంత వాటా ఉందన్నదాన్ని బట్టి, అర లేదా ముప్పావు. బస్సు, లారీ 2.2 నుంచి 3.7 వరకు. ట్రాక్టరు ట్రాలీ 4 నుంచి 5. అంటే పైన చెప్పిన ట్రాలీ కదిలేటప్పుడే నాలుగైదు కార్ల పెట్టు. తోపుడు బండి 2 నుంచి 3.

అదే పట్టికలో పార్కింగ్ సంగతి కూడా దాగి ఉంది. నగర రోడ్లను మూడు తరగతులు చేశారు. పక్క ఇళ్లకు, అంగళ్లకు దారి ఇవ్వకుండా, బండి ఆగనివ్వకుండా నడిచేది మొదటిది. అంగళ్లకు దారి ఉన్నా బండి నిలపనివ్వనిది రెండోది. అంగళ్లు, నిలిచిన బండ్లు, అడ్డదారులు అన్నీ ఉన్నది మూడోది. డివైడర్ లేని నాలుగు వరుసల రోడ్డు గంటకు మోయగల బరువు మొదటి తరగతిలో 3,000 కార్ల పెట్టు, రెండోదానిలో 2,400, మూడోదానిలో 1,800. రెండు వరుసల రోడ్డుకు ఈ అంకెలు 1,500, 1,200, 900. రోడ్డు వెడల్పు ఒక్క అంగుళం మారకుండానే, పక్కన ఏం జరుగుతోందన్నదాన్ని బట్టి మోత నూటికి నలభై దాకా పడిపోతుంది.

ఈ పట్టికను బజారు రోడ్డుకు అన్వయిస్తే వచ్చే ఫలితం కొంత వింతగా ఉంటుంది. రెండు వైపులా బండ్లు నిలిచి, వాటి పక్కన ఇంకో వరుస నిలిచే నాలుగు వరుసల రోడ్డు పేరుకే నాలుగు వరుసలు. మిగిలిన రెండు వరుసల్లోనూ తలుపులు తెరుచుకోవడం, మనుషులు దిగడం, ఆటోలు ఆగడం జరుగుతూనే ఉంటాయి. కాబట్టి దాని నిజమైన మోత 900కు దగ్గరగానే ఉంటుందని అనుకోవాలి. అదే రోడ్డులో అంచు వరుసలు రెండింటినీ గీత గీసి పార్కింగ్‌కు ఇచ్చేసి, మధ్య రెండు వరుసల్లో ఏ బండీ ఆగకుండా చూడగలిగితే 1,200 వస్తుంది. కాగితం మీద వరుసలు తగ్గాయి, నడిచే బండ్లు పెరిగాయి. అయితే ఇదంతా "ఆగకుండా చూడగలిగితే" అన్న ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. చూడలేకపోతే గీతలు మిగులుతాయి, మోత అక్కడే ఉంటుంది.

కొలతల విషయంలోనూ ఇంతే నిక్కచ్చిగా ఉండాలి. ఒక్కో వరుస 3.5 మీటర్లు అనుకుంటే నాలుగు వరుసలకు 14 మీటర్లు. రోడ్డుకు సమాంతరంగా కారు నిలపడానికి 2.5 మీటర్ల వెడల్పు చాలు. రెండు పక్కలా తీసేస్తే 9 మీటర్లు మిగులుతాయి. అందులో 7 మీటర్లు నడిచే వరుసలకు, పక్కకు ఒక్కో మీటరు కారు తలుపు తెరవడానికి. నడుమ డివైడర్ ఉంటే కథ మారుతుంది. ఒక్కో పక్క 7 మీటర్లలో పార్కింగ్ పోగా ఒక్క వరుసే మిగులుతుంది, బస్సు ఆగితే వెనకవాళ్లందరూ ఆగాల్సిందే. మొత్తం 7 మీటర్లే ఉన్న పాత బజారు వీధిలోనైతే ఒక పక్కే పార్కింగ్, ఒక వైపే రాకపోకలు అనుకుంటే తప్ప ఈ పద్ధతి కుదరదు.

బండ్లను ఏ కోణంలో నిలపాలన్నది ఇంకో మెలిక. వంద మీటర్ల పొడవున కార్లను వరుసగా రోడ్డు వెంబడి నిలిపితే 16 పడతాయి. 45 డిగ్రీల ఏటవాలుగా నిలిపితే 27, నిలువుగా నిలిపితే 40. అంగడివాళ్లకు సహజంగానే ఏటవాలు నచ్చుతుంది. కానీ అది రోడ్డులోకి 5 మీటర్లకు పైగా చొచ్చుకొస్తుంది. పైగా కారు వెనక్కి తీసేటప్పుడు డ్రైవరుకు వచ్చే బండ్లు కనపడవు. లారీలు పోయే కేజీ రోడ్డు లాంటి చోట దీన్ని ఎవరైనా ప్రతిపాదిస్తే వద్దనడమే మంచిది.

ఈ లెక్కలన్నీ కారు చుట్టూ తిరుగుతున్నాయి. నందికొట్కూరు బజారుకు వచ్చేవాళ్ల బండి మాత్రం ముఖ్యంగా మోటార్ సైకిలు. అది మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవులో ఒదుగుతుంది. 16 కార్లు పట్టే అదే వంద మీటర్లలో, కారు వరుస కంటే అర మీటరు తక్కువ లోతులో, దాదాపు వంద మోటార్ సైకిళ్లు పడతాయి. పట్నాల నమూనాలు తెచ్చి కారు గడులు గీస్తే, పొద్దున పదికల్లా ఒక్కో గడిలో అడ్డదిడ్డంగా మూడు మోటార్ సైకిళ్లు నిలిచి ఉంటాయి. గడి గీసినవాళ్లు ప్రజలకు క్రమశిక్షణ లేదంటారు.

విస్తరణ అనే అడ్డదారి

తెలుగు ఊళ్లలో ఇరుకు రోడ్డుకు మందు అంటే విస్తరణే. మున్సిపాలిటీ వాళ్లు టేపు పట్టి కొలిచి, గోడల మీద ఎర్ర గుర్తులు పెట్టి, మెట్లు, రేకుల పందిళ్లు, అరుగులు, ఒక్కోసారి అంగడి ముందు గది కూడా కూల్చి రోడ్డు వెడల్పు చేస్తారు. నంద్యాలలో ఇది ఎన్నికల అంశమే అయింది. 2017 మార్చిలో శాసనసభ్యుడు భూమా నాగిరెడ్డి మరణించడంతో ఆగస్టు 23న ఉప ఎన్నిక జరిగింది. అంతకుముందు నెలల్లో పట్టణంలోని ప్రధాన రోడ్ల విస్తరణ, అందులో అంగళ్లు, ఇళ్లు కోల్పోయేవాళ్లకు పరిహారం ఊరంతా మాట్లాడుకున్న విషయాలు. విస్తరణను అధికార పక్షం అభివృద్ధిగా చూపింది. నష్టపోయినవాళ్ల తరఫున మాట్లాడటం ప్రతిపక్షం వంతయింది.

పార్కింగ్ కోణంలో చూస్తే విస్తరణ తర్వాతి సంగతి ఇంకా ఆసక్తికరం. అంగడి ముందు భాగం తీసేసి ఇచ్చిన స్థలం కొద్ది నెలల్లోనే ఆ అంగడికి వచ్చేవాళ్ల బండ్లతో నిండిపోవడం చాలా ఊళ్లలో చూసేదే. ఇందులో వింతేమీ లేదు. విస్తరించిన రోడ్డుకు ఎంత వెడల్పు నడవడానికి, ఎంత నిలవడానికి అని ఎవరూ ముందుగా చెప్పరు. ప్రభుత్వం పరిహారం కట్టి కొన్న చదరపు గజాలు ఉచిత పార్కింగ్ అవుతాయి. అంతా పూర్తయ్యాక రోడ్డు మళ్లీ ఇరుకే అనిపిస్తుంది, మళ్లీ విస్తరణ మాట వస్తుంది. విస్తరణ నక్షలోనే పార్కింగ్ వరుసను చూపి ఉంటే, కూల్చాల్సిన గోడ ఎంతో, కూల్చకుండా వదిలేయదగ్గది ఎంతో ముందే తేలేది.

ఆళ్లగడ్డలో అవసరం ఇంకో రకం. రాతి శిల్పాలకు పేరుపడ్డ ఊరు. విగ్రహం కొన్నవాడికి కావాల్సింది కారు గడి కాదు, రాయి ఎక్కించేదాకా లారీ నిలిచే చోటు. ఒకే జిల్లాలో రెండు ఊళ్లకు ఒకే నక్ష పనికిరాదు.

ఎవరి బండి?

అంగళ్ల ముందు చోటు కొనుక్కోవడానికి వచ్చేవాళ్ల కోసమని అందరూ అనుకుంటారు. ఆ చోట రోజంతా ఎవరి బండి నిలిచి ఉంటుందో చూస్తే, చాలాసార్లు అంగడి యజమానిది, గుమాస్తాది, పైఅంతస్తు ఆఫీసులో పనిచేసేవాళ్లది. పొద్దున తొమ్మిదిన్నరకు పెట్టిన బండి రాత్రి తొమ్మిదికి తీస్తారు. అంగడికి వచ్చే నలభై మందికి పైగా అదే చోటును పావు గంట చొప్పున వాడుకోగలిగేవాళ్లు. ఖాళీగా ఉన్న చోటును కాపాడుకోవడానికి కుర్చీ, నీళ్ల డ్రమ్ము, రెండు రాళ్ల మధ్య కట్టిన తాడు వస్తాయి. దానికి పక్కనే "ఇచ్చట వాహనములు నిలుపరాదు" అని సొంతంగా రాయించుకున్న బోర్డు. సర్కారు రోడ్డు మీద సొంత చట్టం!

ప్రపంచంలో మొట్టమొదటి పార్కింగ్ మీటరు పుట్టింది సరిగ్గా ఈ తలనొప్పి వల్లనే. అమెరికాలోని ఓక్లహామా సిటీ నడిబొడ్డున ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు పొద్దున్నే కార్లు పెట్టేసి పోతుంటే, కొనేవాళ్లకు చోటు దొరక్క వ్యాపారులు మొత్తుకున్నారు. 1935 జులై 16న అక్కడ మీటరు పెట్టి గంటకు ఐదు సెంట్లు వసూలు చేశారు. కొనేవాడు అరగంటలో పోతాడు, వాడికి అది లెక్కలోది కాదు. రోజంతా ఉంచేవాడికే భారం.

వ్యాపారుల అంచనాకు, నిజానికి మధ్య దూరం ఐరోపాలో కొలిచారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో 1991లో అంగడివాళ్లు తమ దగ్గరికి వచ్చేవాళ్లలో 58 శాతం కార్లలో వస్తారనుకున్నారు. లెక్క తీస్తే 32 శాతమే. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 2006లో అనుకున్నది 41, వచ్చింది 22. కారులో వచ్చినవాడు కళ్లకు కనిపిస్తాడు, నడిచొచ్చినవాడు కనిపించడు. నందికొట్కూరులో బస్సు దిగి నడిచొచ్చే పల్లెల ఆడవాళ్లను ఎవరైనా ఒక సంత రోజు కూర్చుని లెక్కపెడితే, పార్కింగ్ కంటే బస్టాండు నుంచి బజారుకు కాలిబాటే వ్యాపారానికి ఎక్కువ లాభమని తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

బయటి అనుభవాలు

వరుసలు తగ్గించి పార్కింగ్ పెంచి బాగుపడిన బజారుకు తరచూ చూపే ఉదాహరణ కాలిఫోర్నియాలోని ల్యాంకాస్టర్. షాపింగ్ మాల్స్ దెబ్బకు వెలవెలబోయిన ప్రధాన వీధిని 2010లో మార్చారు. తొమ్మిది బ్లాకుల పొడవున నాలుగు వరుసలను రెండు చేసి, నడిమధ్యలో చెట్ల కింద ఏటవాలు పార్కింగ్ పెట్టారు. ఆ నడిమి స్థలాన్నే సంతలకు, వేడుకలకూ వాడుకుంటారు. ఖర్చు దాదాపు 1.15 కోట్ల డాలర్లు. బండ్ల వేగం తగ్గింది, మూతపడిన అంగళ్లు తెరుచుకున్నాయి. అక్కడ వీధులు చదరంగం పటంలా పక్కపక్కనే ఉన్నాయి కనుక, ఊరు దాటిపోయేవాడు పక్క వీధిలో పోతాడు. ఆ వెసులుబాటు కేజీ రోడ్డుకు లేదు. ల్యాంకాస్టర్ నుంచి నేర్చుకునేటప్పుడు ఈ తేడాను మొదట చూసుకోవాలి.

అమెరికా కేంద్ర రహదారుల శాఖ 2014 మార్గదర్శిని ప్రకారం, నాలుగు వరుసలను మూడు చేసిన రోడ్లలో ప్రమాదాలు 19 నుంచి 47 శాతం దాకా తగ్గాయి. రోజుకు దాదాపు 20,000 బండ్ల వరకు తిరిగే రోడ్లకు ఇది సరిపోతుందని అక్కడి అంచనా. వరుస తగ్గితే వేగం తగ్గుతుంది, దాటి పోదామనే ఆత్రం తగ్గుతుంది.

చెన్నైలోని పాండీ బజారులో ఇదే పనిని తిరగేసి చేశారు. ఆ రోడ్డులో వరుసలు తగ్గించి, ఆ స్థలాన్ని 2019 నవంబరు నాటికి కాలిబాటలకు ఇచ్చారు. కార్ల కోసం పక్కన అంతస్తుల పార్కింగ్ భవనం తరువాత వచ్చింది. పార్కింగ్ తగ్గితే అంగళ్లు మూతపడతాయన్న భయం మొదట్లో అక్కడా ఉంది.

ఉచితమా, రుసుమా అన్న తగువు ఎక్కడైనా ఉన్నదే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో 'ద హై కాస్ట్ ఆఫ్ ఫ్రీ పార్కింగ్' అనే పుస్తకంలో, ప్రతి వీధిలో నూటికి పదిహేను గడులు ఎప్పుడూ ఖాళీగా ఉండేలా ధర పెట్టాలని, వచ్చిన డబ్బు ఆ వీధికే ఖర్చు పెట్టాలని వాదించారు. పాత పాసడీనాలో 1993లో మీటర్లు పెట్టి ఆ డబ్బుతో అక్కడి కాలిబాటలే బాగుచేయడం ఆయన చూపిన ఉదాహరణ. మన దేశంలో 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా పార్కింగ్ రుసుము ఆ నేల విలువకు తగ్గట్టు ఉండాలంది. ఆచరణలో గాలి ఎదురుగా వీస్తోంది. పుణే 2018లో రోడ్డు పార్కింగ్‌కు రుసుము విధానం ఆమోదించి, వ్యతిరేకత రాగానే కొద్ది రోడ్లకు కుదించుకుంది. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగ్ ఉచితం చేసింది. ఆశీలు కట్టడం అలవాటైన మన తోపుడు బండివాడు రోజూ రోడ్డుకు డబ్బు కడుతున్నాడు, పక్కనే కారు నిలిపినవాడు కట్టడం లేదు. ఈ అన్యాయం ఎవరికీ పెద్దగా కనిపించదు.

చట్టం ఏమంటుంది

బండ్లు ఎక్కడ నిలపాలో నిర్ణయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అధికారమిచ్చిన సంస్థది. స్థానిక సంస్థను సంప్రదించాలి. ప్రమాదకరంగా, అడ్డంగా బండి వదిలేయడాన్ని 122వ సెక్షను నిషేధిస్తుంది. నిషిద్ధ స్థలంలో వదిలిన బండిని లాక్కుపోవడానికి 127 ఉంది. 1989 నాటి రోడ్డు నియమాల స్థానంలో 2017లో వచ్చిన నిబంధనల్లోనూ కూడలి దగ్గర, కాలిబాట మీద, నిలిచి ఉన్న ఇంకో బండికి పక్కన బండి పెట్టరాదని ఉంది. అంటే మున్సిపాలిటీ, పోలీసు, జాతీయ రహదారి కాబట్టి రహదారుల శాఖ, ముగ్గురూ ఒక మాట మీదికి వస్తేగానీ గీత పడదు. గీత పడ్డాక దాన్ని కాపాడాల్సిన ట్రాఫిక్ సిబ్బంది చిన్న ఊళ్లలో ఎంతమంది ఉంటారో అందరికీ తెలిసిందే.

భవనాల వైపు నుంచి చూస్తే, 2017 మార్చిలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు వాణిజ్య భవనాల్లో పార్కింగ్‌కు చోటు వదలాలంటాయి. ప్లానులో సెల్లారు పార్కింగ్ అని చూపి, తర్వాత అందులో మెడికల్ షాపో, గోడౌనో పెట్టడం మామూలు. ఆ సెల్లారులో నిలవాల్సిన బండ్లే ఇప్పుడు రోడ్డు మీద ఉన్నాయి. కొత్తగా పార్కింగ్ వరుస ఇచ్చేముందు ఆ వీధిలోని సెల్లార్లు తనిఖీ చేయడం మున్సిపాలిటీకి చవకైన పని, రాజకీయంగా మాత్రం ఖరీదైనది.

గీత గీస్తే మొదట దెబ్బ తగిలేది అంచున ఉన్న తోపుడు బండ్లకే. 2014 వీధి వ్యాపారుల చట్టం పట్టణ విక్రయ కమిటీ వేసి, జనాభాలో 2.5 శాతం వరకు వీధి వ్యాపారులకు చోటు చూపాలంటుంది. నందికొట్కూరు 2011 జనాభా మీద అది 1,170 పైచిలుకు. ఆ కమిటీని పక్కన పెట్టి గీసిన పార్కింగ్ వరుస న్యాయస్థానంలో నిలవడం కష్టం.

గీత గీసేటప్పుడు

బస్సు ఆగే చోటు, ఆటో అడ్డా, సరుకు దించే చోటు ముందు గుర్తించి, మిగిలినదాన్నే పార్కింగ్‌కు ఇవ్వాలి. మామూలుగా ఈ క్రమం తలకిందులుగా ఉంటుంది. కార్ల గడులు ముందు పడతాయి, ఆటోలు ఎక్కడ నిలవాలో తర్వాత తిట్టుకుంటూ వెతుక్కుంటాయి. లారీ సరుకు దించడానికి పొద్దున ఎనిమిది లోపు, రాత్రి తొమ్మిది తర్వాత అనే సమయాలు పెడితే పగటి పూట గడులు కొనేవాళ్లకు మిగులుతాయి. ఇరుకు వీధుల్లో సరి తేదీల్లో ఒక పక్క, బేసి తేదీల్లో ఇంకో పక్క నిలిపే పద్ధతి అనేక భారతీయ పట్టణాల్లో నడుస్తోంది. అది అంగళ్ల మధ్య అసూయను సమంగా పంచుతుంది, కాబట్టి వ్యాపారుల సంఘాలు సులువుగా ఒప్పుకుంటాయి. ముందు సున్నంతో గీసి, డ్రమ్ములు పెట్టి నెల రోజులు చూసి, ఆ తర్వాతే రంగు వేయడం ఖర్చు తక్కువ దారి.

కేజీ రోడ్డు విషయంలో ఇంకొకటి చూడాలి. ఉగాదికి ముందు కర్ణాటక భక్తులు వేల సంఖ్యలో శ్రీశైలానికి కాలినడకన వస్తారు. కర్నూలు దాటాక నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగానే వారి దారి. ఆ రోజుల్లో రోడ్డు అంచు నడిచేవాళ్లది, చలివేంద్రాలది, అన్నదాన శిబిరాలది. సిమెంటు దిమ్మెలతో, ఇనుప కంచెతో పార్కింగ్ వరుసను శాశ్వతంగా కట్టేస్తే ఆ వారం ఏటా చిక్కు తప్పదు. రంగు గీతలు, ఎత్తి పక్కన పెట్టగలిగే స్తంభాలే ఇక్కడ సరిపోతాయి. ఆ వారం పార్కింగ్ రద్దు అని ముందుగానే నోటిఫికేషన్‌లో రాసి ఉంచాలి.